ఆవకాయ చేర్చిన ఫో

వియత్నాం టూర్ ప్యాకేజీ కాగితం మీద మొదటి లైనే ఇది: "6 రోజులు, 5 రాత్రులు, 5 ఇండియన్ డిన్నర్లు గ్యారంటీ". అందరూ చూడ్డానికెళ్లే సముద్రఖాతం హాలాంగ్ బే ఎక్కడో కింద చిన్నక్షరాల్లో ఉంది. సబబే. మనిషి పాస్‌పోర్టు తీసుకుని, వీసా తెచ్చుకుని వియత్నాం దాకా వెళ్లేది పనీర్ బటర్ మసాలా కోసం కాకపోతే ఇంకెందుకు?

హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాక వియత్నాం మనకి అన్నవరం అయిపోయింది. వెళ్లొచ్చిన ప్రతివాడూ "వియత్నాంలో తప్పక తినాల్సిన 10 నూడుల్స్" అని ఒక రీల్ వదులుతున్నాడు. ఆ పదిలో వాడి నోట్లోకి వెళ్లినవి ఎన్నో నన్నడగండి చెప్తాను, మా బావగారి పుణ్యమా అని ఒక బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. మొత్తం 14 మందిమి. మా వెంట 11 కేజీల పచ్చళ్లూ పొడులూ, ఒక కరెంటు కుక్కర్.

హనోయ్ పాతబస్తీ, పొద్దున్న ఏడింటికి. పేవ్‌మెంట్ మీద అంగన్‌వాడీ పిల్లల కోసం చేయించినట్టున్న ప్లాస్టిక్ స్టూళ్లు. బావగారు కూర్చుంటే మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. ఎదురుగా ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన రాత్రంతా మరిగిన ఎముకల రసం గుండిగ. కాల్చిన అల్లం, కాల్చిన ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క. అంటే మన బిర్యానీ డబ్బాలో ఉండేవే, కాకపోతే అరవకుండా మెల్లగా మాట్లాడతాయి. వెడల్పు బియ్యం నూడుల్స్‌ని ఒక్క క్షణం వేడినీళ్లలో ముంచి తీసి, పైన మాంసం ముక్కలు పేర్చి, సలసల కాగే రసం పోస్తుంది. ఇదే ఫో, మామూలుగా బీఫ్‌తో చేస్తారు. మేం బీఫ్ తినం, అది మా ఇష్టం, దానికి అక్కడెవరూ ఏమీ అనుకోరు. చికెన్‌తో చేసేదీ ఉంది, దాన్ని 'ఫో గా' అంటారు.

"ఏమోయ్, ఏంటంటోంది ఆవిడ?"

"ఫో, బావగారూ."

"డబ్బులిచ్చి మరీ పొమ్మనిపించుకోవడం ఏంటోయ్!"

నిజానికి దాన్ని 'ఫ' అని, ప్రశ్న అడిగినట్టు చివర కాస్త లేపి పలకాలి. చెప్పాను. వినలేదు. గిన్నె వచ్చింది. వాసన చూశారు. కారమేదన్నారు. పచ్చిమిరప ముక్కలూ, వెనిగర్‌లో వేసిన వెల్లుల్లీ మోచేతి పక్కనే ఉన్నాయి, కానీ ఆయన చెయ్యి అప్పటికే సంచిలోకి వెళ్లింది. 2024లో వియత్నాం ప్రభుత్వం హనోయ్ ఫోని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. 2025లో మా బావగారు అందులో ఆవకాయ చేర్చారు. రెండు స్పూన్లు, టెంకతో సహా. నూనె తేలి రసం ఎర్రబడ్డాక, అదిరిపోయింది కానీ చలవకి పెరుగుంటే బాగుంటుందని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టి అడిగారు. ఆవిడ పాపం ఎవరికో జబ్బు చేసిందనుకుందో ఏమో, కుర్రాణ్ణి పరిగెత్తించి పక్క షాపు నుంచి చిన్న కప్పు పెరుగు తెప్పించింది. తియ్యటి పెరుగు. అది కూడా గిన్నెలోకే వెళ్లింది. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా అమ్మమ్మ చేపల పులుసులో ఎవరైనా కూల్‌డ్రింక్ పోస్తే ఆవిడ మొహం ఎలా ఉండేదో ఇప్పుడు నాకు తెలుసు.

అటు చివర మా పిన్ని. శాకాహారి. అక్కడ శాకాహారాన్ని 'చై' అంటారని, పున్నమికీ అమావాస్య మర్నాడూ చాలామంది అదే తింటారని ముందే నేర్పించాను. పిన్ని ధైర్యంగా "చాయ్" అంది. సాగదీస్తే అక్కడ ఆ మాటకి సీసా అని అర్థం. నీళ్ల సీసా తెచ్చిచ్చారు. పిన్ని ఇంకాస్త గట్టిగా "చాయ్, చాయ్" అంది. మూడు సీసాలయ్యాయి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడున్నాడు, రీల్స్ చేస్తాడు. బల్ల మీద చేపల సాస్ సీసా, న్యుక్ మామ్, మూత తీసి, ముక్కు మూసుకుని, "గయ్స్, కంపు గయ్స్" అని వాంతి చేసుకుంటున్నట్టు నటించాడు. ఆవిడ ముందే. నాలుగు టేకులు. వీడియో తీస్తున్నారు కదా అని ఆవిడ నవ్వుతూ చెయ్యి కూడా ఊపింది. ఇదే కుర్రాడు డాలస్‌లో చదివేటప్పుడు పోపు వాసన వస్తోందని పక్క ఫ్లాట్‌వాడు కంప్లయింట్ చేస్తే, రేసిజం అని పేజీల కొద్దీ పోస్టులు పెట్టాడు, మేమంతా లైకులు కొట్టాం. ఒరేయ్, మీ నాయనమ్మ ఎండుచేపలు వేయించిన ఇంట్లోనే కదరా పెరిగావ్? ఆవిడ రాత్రంతా పొయ్యి కనిపెట్టుకుని చేసింది నీకు కంపయితే నోర్మూసుకుని లేచి పో, ఇక్కడ ఎవడూ నీ చెయ్యి పట్టుకుని ఆపలేదు. మనం తినే దాన్ని ఎవడైనా వెక్కిరిస్తే కడుపు మండుద్ది, పక్కవాడిది మాత్రం మనకి కామెడీ. సిగ్గుండాలి.

సరే, మిగతా యాత్ర. 2016లో ఒబామా, టీవీలో వంటల షోలు చేసే ఆంథనీ బోర్డెయిన్‌తో కలిసి సామాన్యుడిలా కూర్చుని బున్ చా తిన్న హోటల్ చూపించారు, కాల్చిన పంది మాంసం, సన్న నూడుల్స్, ఇద్దరికీ కలిపి బిల్లు 6 డాలర్లట. ఆ బల్లని గాజు పెట్టెలో పెట్టారు. మావాళ్లు గాజుతో సెల్ఫీలు దిగి నాన్ తినడానికి బస్సెక్కారు. దనాంగ్‌లో 'మీ క్వాంగ్' అనే వంటకం ఉంటుంది: పసుపు వేసిన వెడల్పు నూడుల్స్, చికెన్, అడుగున నాలుగు గరిటెల రసం, పైన వేరుశనగపప్పు, నంజుకోడానికి అప్పడంలాంటిది. పసుపూ పల్లీలూ అప్పడమూ! తెలుగువాడు ఇంతకంటే ఇంకేం కోరతాడు? "మనకి పడదోయ్" అన్నారు బావగారు, కుక్కర్‌కి ప్లగ్ వెతుకుతూ. హోయ్ ఆన్‌లో కావ్ లావ్ తినాలని బయల్దేరాను, ఆ ఊరి ఒక పాత బావి నీళ్లతోనే ఆ నూడుల్స్ కుదురుతాయంటారు. లాంతర్ల దగ్గర 14 మంది గ్రూప్ ఫొటో కుదిరేసరికి కొట్టు కట్టేశారు.

సైగాన్‌లో ఐదో ఇండియన్ డిన్నర్. పప్పు చల్లారింది, నాన్ తెగలేదు. చెయ్యి కడుక్కుందామని వెనక సందులోకి వెళ్తే, మాకు ఆ నాన్లు కాల్చిన వంటమనిషి, ఉత్తరాఖండ్ అతను, ఒక బండి పక్కన చిన్న స్టూల్ మీద కూర్చుని హు తియు అనే అక్కడి నూడుల్స్ తింటున్నాడు. మీ హోటల్లో తినవా అంటే నవ్వాడు. జరిగి చోటిచ్చాడు. నేనూ ఒక గిన్నె చెప్పాను. సందు చివర్నుంచి బస్సు హారన్, బావగారు నొక్కిస్తున్నారు. వినపడనట్టు ఇంకో మిరపముక్క వేసుకున్నాను.