సవరణ: ఆస్తి జప్తు పోలీసుల చేతిలో లేదు

కొత్త చట్టంతో నేరస్తుల ఆస్తిని పోలీసులే నేరుగా లాగేసుకోవచ్చని మొన్న రాశాను. తప్పు నాదే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర దర్యాప్తు, విచారణ పద్ధతుల చట్టం) సెక్షన్ 107 ప్రకారం, దర్యాప్తు అధికారి ఎస్పీ అనుమతితో, మన విశాఖలోనైతే పోలీస్ కమిషనర్ అనుమతితో, కోర్టును అడగాలి. కోర్టు నోటీసుకు జవాబివ్వడానికి మామూలుగా 14 రోజుల గడువు ఉంటుంది. నేరపు సొమ్మేనని తేలితే, కోర్టు ఆదేశంపై కలెక్టర్ దాన్ని 60 రోజుల్లో బాధితులకు పంచాలి. తీసుకునేవాళ్లు లేకపోతేనో, పంచగా మిగిలితేనో ప్రభుత్వానికి పోతుంది. అసలు మార్పు ఈ బాధితుల ముక్కే, నేను దాన్నే వదిలేశాను!

గంజాయి కేసులకు ఇంకో దారి కూడా ఉంది. ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం కింద అధికారి తానే ముందుగా ఆస్తిని స్తంభింపజేయొచ్చు. కానీ 30 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీ (ఇందుకోసం కేంద్రం నియమించిన అధికారి) ఖరారు చేయకపోతే ఆ ఆర్డర్ చెల్లదు.