కంప్యూటర్ లోపలి షేర్ మార్కెట్

"రేపటి షేర్ ధర చెప్పలేని కంప్యూటర్ మోడళ్లు ఎందుకు?" అని షేర్ మార్కెట్ మోడళ్లను తప్పుబడుతూ వచ్చిన ఓ వ్యాసంలో అడిగారు. మార్కెట్‌ను కంప్యూటర్‌లో నడిపించి చూసే ఈ రంగంలో చాలామంది పని జోస్యం చెప్పడం కాదండీ, ధరలు ఎందుకలా కదులుతాయో అర్థం చేసుకోవడం.

1990ల్లో అమెరికాలోని శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో ఆర్థికవేత్త బ్రయాన్ ఆర్థర్, కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ హాలండ్‌ల బృందం కంప్యూటర్‌లోనే ఓ బుల్లి షేర్ మార్కెట్ పెట్టింది. ఉన్నది ఒకటే షేరు. కొనేవీ అమ్మేవీ అన్నీ ప్రోగ్రాములే. ధర ఎటు పోతుందో అంచనా వేయడానికి ఒక్కోదానికి సొంత సూత్రాలు. పనికిరానివి వదిలేసి కొత్తవి పుట్టించుకుంటాయి. ఈ మార్పు నిదానంగా జరిగితే ధర ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకం చెప్పిన అసలు విలువ దగ్గరే తిరిగింది. చకచకా మార్చుకోనిస్తే మాత్రం పాత ధరల పోకడ చూసి కొనడం మొదలైంది, బుడగలు లేచాయి (అంటే ధర అసలు విలువను మించి ఉబ్బిపోయింది), పతనాలూ వచ్చాయి. బయట పెద్ద కారణమేమీ లేకుండానే! నాకైతే ఇదే అసలు విషయం అనిపిస్తుంది. మన ఆప్షన్స్ ట్రేడింగ్ కుర్రాళ్లు కాస్త ఆగి చూడాల్సింది కూడా.

లెక్కలతో లాభాలు తీస్తామన్నవాళ్లది వేరే దారి. 1998లో కూలిన ఎల్‌టీసీఎం అనే అమెరికా పెట్టుబడి ఫండ్‌లో ఇద్దరు నోబెల్ గ్రహీతలు భాగస్వాములు. మార్కెట్‌ను అర్థం చేసుకునే మోడళ్లనూ, లాభాల కోసం వేసే లెక్కలనూ వ్యాసకర్త ఒకే గాటన కట్టేశారు.