హద్దులు దాటించిన పాట

కొలంబియాలోని మెడెలిన్ నగరానికి వెళ్లే విదేశీ పర్యాటకులు ఇప్పుడు తప్పక చూసి వచ్చే చోటు కోమునా 13 అనే బస్తీ. ఆ పడమటి కొండవాలు మీద కిక్కిరిసిన ఇటుక ఇళ్ల మధ్య నుంచి నగరపాలక సంస్థ 2011 చివర్లో ఆరు దశలుగా ఎస్కలేటర్లు వేసింది. వాటి పొడవునా గోడల నిండా గ్రాఫిటీ, మలుపుమలుపునా బ్రేక్ డ్యాన్స్ చేసే కుర్రాళ్లు, స్పీకర్లలో ర్యాప్. ఈ కళలన్నీ కలిసిన హిప్ హాప్ వచ్చి తుపాకులను తరిమేసిందన్న కథ అక్కడికి వెళ్లిన ప్రతివారికీ వినిపిస్తుంది. హింసతో నలిగిన బస్తీలలో యువతకు ఈ కళలు నేర్పిస్తామని నిధులు అడిగేవారూ, ఆ నిధులు ఇచ్చేవారూ ఇదే కథను ఉదాహరణగా చూపుతారు. అందులో సగం నిజం ఉంది. తక్కిన సగాన్ని పట్టించుకోకుండా ఎక్కడైనా దాన్ని అనుకరించబోతే డబ్బు వృథా కావడం అటుంచి, పిల్లల ప్రాణాల మీదికే రావచ్చునన్నది మా ఆందోళన.

ఆ నగరంలో 1991లో 6,000కు పైగా హత్యలు జరిగాయి. మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ 1993 డిసెంబరులో హతమైన తరువాత కూడా కొండ బస్తీలలో తుపాకులు నేలకు దిగలేదు, చేతులు మారాయంతే. కోమునా 13 వీధులను గెరిల్లాల అనుబంధ దళాలు ఏలుతున్న కాలంలో, 2002 అక్టోబరు 16న, ‘ఒరియాన్’ పేరుతో ప్రభుత్వం వెయ్యి మందికి పైగా సైనికులనూ పోలీసులనూ, హెలికాప్టర్లనూ దింపి ఆ బస్తీని చుట్టుముట్టింది. గెరిల్లాలు పోయారు, వారి స్థానంలోకి పారామిలిటరీలని అక్కడ పిలిచే ప్రైవేటు సేనలు వచ్చి కూర్చున్నాయి. ఆ తరువాత కనిపించకుండా పోయిన తమ బిడ్డలను ఎస్కొంబ్రేరా అనే నిర్మాణ వ్యర్థాల దిబ్బ కింద పూడ్చేశారని తల్లులు ఇరవై ఏళ్లకు పైగా చెబుతూ వచ్చారు. వారి మాటను చాలామంది నమ్మలేదు. చివరకు 2024 డిసెంబరులో అక్కడ జరిపిన తవ్వకాలలో మానవ అవశేషాలు బయటపడ్డాయి.

సాయుధ ముఠాలు వీధులను పంచుకున్నప్పుడు ఆ బస్తీ ప్రజల నోట పుట్టిన మాట ‘కంటికి కనిపించని సరిహద్దులు’. ఫలానా మెట్లు, ఫలానా దుకాణం దాటితే అవతలి ముఠా ఇలాకా. ఏ ముఠాతోనూ సంబంధం లేని పదిహేనేళ్ల కుర్రాడు బడికో, బంధువుల ఇంటికో వెళుతూ ఆ గీత దాటినా అవతలివాళ్ల మనిషిగా లెక్కించి కాల్చేసేవారు. హిప్ హాప్ అక్కడ ఏం చేసిందో తెలియాలంటే ముందు ఈ గీత సంగతి తెలియాలి.

ఒరియాన్ జరిగిన ఏళ్లలోనే అక్కడి యువ ర్యాపర్లు బృందాలుగా కూడి తమ కంటే చిన్నవారికి నేర్పడం మొదలుపెట్టారు. పాట రాయడం, తాళం కట్టడం, డీజే పని, గోడ మీద బొమ్మ, బ్రేక్ డ్యాన్స్, అన్నీ ఒకే చూరు కింద. ర్యాప్ రాయడానికి కావలసింది పెన్నూ కాగితమూ, చప్పట్లు కొట్టే ఒక స్నేహితుడూ. కానీ నేర్చుకునేవాళ్లంతా వలయంగా నిలబడి వంతులవారీగా పాడాలి, తన వంతు వచ్చేదాకా అవతలి వీధివాడి పాట చివరంటా వినాలి. పోటీకి దిగితే ఎదుటివాణ్ణి ఎంతగా దెప్పినా మాటతోనే దెప్పాలి. మన సవాలు-జవాబు పాటలలో లాగే, ఓడినవాడు మరో రోజు ఇంకా పదునైన మాటతో వచ్చి బాకీ తీర్చుకుంటాడు. గోడ మీద బొమ్మ వేయాలంటే ఆ ఇంటివాళ్లను ఒప్పించాలి, అంటే ఆ కుర్రాణ్ణి చూస్తేనే తలుపు మూసుకునే పెద్దవారితో కూర్చుని మాట్లాడాలి. అగ్రోఆర్తె అనే బృందం ర్యాప్ నేర్పడంతో పాటు, చనిపోయినవారి, కనిపించకుండా పోయినవారి జ్ఞాపకంగా పిల్లల చేత మొక్కలు నాటిస్తూ వచ్చింది.

ఇందులో ఫలితం ఇచ్చింది పాటలోని నీతిబోధ అని మేము అనుకోవడం లేదు. తుపాకీ పట్టవద్దని చెప్పే పాట వల్ల తుపాకీ దించినవారు ఎంతమంది ఉంటారు? ఆ పాట కోసం, ఆ నృత్యం కోసం వేర్వేరు ఇలాకాల పిల్లలు తరచూ ఒకే గదిలోకి రావలసి రావడమే అసలు సంగతి. గీత దాటడానికి వారికి ఒక కారణం దొరికింది. ‘వీడు పాటల కుర్రాడు, వదిలెయ్’ అనిపించుకునే గుర్తింపు కొందరికైనా కాపలా కాసింది.

అయితే ఆ కాపలా అందరినీ కాయలేదు. 2009 ఆగస్టులో కొలాచో అన్న పేరుతో పాడే యువ ర్యాపర్‌ను కాల్చి చంపారు. 2012 వరకు ఆ ఒక్క బస్తీలోనే మరికొందరు ర్యాపర్లు హతులయ్యారు. 2012 అక్టోబరులో జరిగిన ఒక హత్య తరువాత పదుల సంఖ్యలో యువకళాకారులు ప్రాణభయంతో ఇళ్లు విడిచి వెళ్లిపోయారు. గీతలు గీసినవారికి గీతలు దాటించేవారు శత్రువులుగా కనిపించడంలో వింతేమీ లేదు. ముఠాలో చేరవలసిన కుర్రాణ్ణి తమ వైపు లాక్కుపోయే మాస్టారు వారికి నచ్చడు. కొలాచో మిత్రులు అతని పేరుతోనే కాసా కొలాచో అనే కేంద్రాన్ని నెలకొల్పి, పర్యాటకులకు గోడలు చూపించగా వచ్చే డబ్బుతో నేటికీ పిల్లలకు నేర్పుతున్నారు. ఎస్కలేటర్ల పక్కన ఫొటోలు దిగి వెళ్లేవారిలో చాలామంది ఈ భాగం వినరు.

నగరంలో హత్యలు 2023 నాటికి ఏడాదికి 400 లోపుకు తగ్గాయన్నది నిజం. ఆ తగ్గుదలను ర్యాప్ ఖాతాలో వేయడం మాత్రం అతిశయోక్తి. కొండల మీదికి 2004 నుంచి రోప్‌వే రవాణా వచ్చింది, గ్రంథాలయాలూ బడులూ కట్టారు, భాగస్వామ్య బడ్జెట్ పద్ధతిలో బస్తీవాసులు తమ నిధులలో కొంత భాగాన్ని తామే కేటాయించుకున్నారు. చేదుగా ఉన్నా చెప్పక తప్పని మరో సంగతి, పెద్ద ముఠాలు 2013లో తమలో తాము రాజీ కుదుర్చుకున్నాయి. దుకాణాల దగ్గర వాటి మామూళ్ల వసూలు ఈనాటికీ ఆగలేదు.

రాజీ ముందు, పాట తరువాత అన్న వరస హిప్ హాప్ పుట్టుకలోనే ఉంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌ను చీల్చుకుంటూ ఎక్స్‌ప్రెస్ రహదారి వేసి, వేల కుటుంబాలను కదిలించి, ఆ తరువాత అగ్నిప్రమాదాలకూ నిర్లక్ష్యానికీ ఆ ప్రాంతాన్ని వదిలేసిన రోజులలో అక్కడి వీధులు పదుల ముఠాల చేతిలో ఉండేవి. 1971 డిసెంబరులో ఘెట్టో బ్రదర్స్ అనే ముఠా తరఫున ఒక గొడవ ఆపడానికి వెళ్లిన ‘బ్లాక్ బెంజీ’ని అవతలివారు కొట్టి చంపారు. ఇక రక్తం పారుతుందని అందరూ అనుకుంటున్న వేళ ఆ ముఠా నాయకులు ప్రతీకారం వద్దని నిర్ణయించి, డిసెంబరు 8న హో అవెన్యూలోని బాయ్స్ క్లబ్‌లో ముఠాలన్నిటినీ కూర్చోబెట్టారు. శాంతి పూర్తిగా నిలవలేదు గానీ, పొరుగు ఇలాకాలో జరిగే పార్టీకి వెళ్లి ప్రాణాలతో తిరిగి రావచ్చునన్న ధైర్యం యువతకు వచ్చింది. ఏడాదిన్నర దాటాక, 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనంలో, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టాలని సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ ఏర్పాటు చేసి, అన్న కూల్ హెర్క్ చేత రికార్డులు తిప్పించింది. హిప్ హాప్ పుట్టినరోజుగా లోకం జరుపుకునేది ఆ తేదీనే. 2023లో స్వర్ణోత్సవాలు ఘనంగా జరిగాయి. వాటిలో సిండీకి దక్కినంత మాట కూడా బ్లాక్ బెంజీకి దక్కలేదు.

అదే బ్రాంక్స్‌లో 1980లలో స్కాట్ లా రాక్ అనే డీజే నిరాశ్రయుల వసతి గృహంలో కౌన్సెలర్‌గా పనిచేసేవాడు. అక్కడ తలదాచుకున్న ఒక యువకుడు అతని చేయూతతో కేఆర్ఎస్ వన్ అనే ర్యాపర్‌గా ప్రసిద్ధుడయ్యాడు. 1987 ఆగస్టులో ఒక తగాదా తీర్చడానికి వెళ్లిన లా రాక్‌ను కాల్చి చంపారు. ఆ తరువాత వచ్చిన ‘హింస ఆపండి’ ఉద్యమంలో ప్రముఖ ర్యాపర్లు కలిసి పాడిన పాట 1989లో మారుమోగింది, దానిపై వచ్చిన సొమ్ము నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్‌కు వెళ్లింది. ఆ పాట గొప్పదే. అయినా వసతి గృహంలో జీతానికి పనిచేస్తూ ఒక్క కుర్రాణ్ణి గుర్తుపట్టి చేరదీసిన కౌన్సెలర్ పని మాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. నేడు దక్షిణ బ్రాంక్స్‌లోని మాట్ హేవెన్ కమ్యూనిటీ హైస్కూల్‌లో బడి ఆవరణలోనే రికార్డింగ్ స్టూడియో ఉంది. తోటివారి మరణాలు చూసిన పిల్లలు అక్కడి సోషల్ వర్కర్ సమక్షంలో తమ దుఃఖాన్ని ర్యాప్‌గా రాసుకుంటారు. వేదికలూ అతిథులూ లేని ఇలాంటి నిత్యకృత్యానికే నిధులు పుట్టడం కష్టం.

ప్రభుత్వాలకు కావలసినది వేరు. కోమునా 13 గోడలను ప్రపంచానికి ఎంతో గర్వంగా చూపించుకునే మెడెలిన్ నగర యంత్రాంగం, ఎస్కొంబ్రేరాలో అవశేషాలు దొరికిన కొద్ది వారాలకు, 2025 జనవరిలో, ‘తల్లులు చెప్పిందే నిజం’ అన్న అర్థం వచ్చేలా యువకళాకారులు వేసిన గోడచిత్రాన్ని రంగు పూసి చెరిపేసింది. నిరసనలు చెలరేగాయి, కళాకారులు మళ్లీ వెళ్లి వేశారు. పర్యాటకుణ్ణి రప్పించే బొమ్మ కళ అయింది, ప్రభుత్వాన్ని ప్రశ్నించిన బొమ్మ మాత్రం మురికి అయింది. ఈ తర్కం మనకూ కొత్త కాదు. ధూంధాం వేదికల మీద ఉద్యమానికి ఊపిరి పోసిన గాయకులను తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథిలో ఉద్యోగులుగా తీసుకుని ప్రభుత్వ పథకాల ప్రచారానికి తిప్పారు. కళాకారులకు నెలజీతం రావడం మంచిదేనని, అది వారి హక్కేనని మేము నమ్ముతాము. ఆ జీతం ఇచ్చే చేయి పాటలో ఏముండాలో కూడా నిర్ణయిస్తే, గాయకుడి మాట మీద ఊరికి ఉన్న నమ్మకం పోతుంది. ముఠా కుర్రాడు వినేది ఆ నమ్మకం ఉన్న మాటనే.

హిప్ హాప్ తుపాకులనూ ముఠాలనూ కీర్తిస్తుంది గదా, అలాంటిదాన్ని పిల్లలకు నేర్పడమేమిటని అడిగేవారి అభ్యంతరం కొట్టివేయదగినది కాదు. వ్యాపారం ఆ పాటలనే ఎక్కువగా అమ్ముతున్నమాట వాస్తవం, సామాజిక మాధ్యమాలలో ఒకరినొకరు రెచ్చగొట్టుకునే పాటల వెనుక నిజమైన కాల్పులు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. కానీ దానికి విరుగుడుగా లండన్ పోలీసులు ‘డ్రిల్’ అనే రకం ర్యాప్ వీడియోలను తీసివేయించడం, అమెరికా న్యాయస్థానాలలో ప్రాసిక్యూటర్లు పాటల పంక్తులను నేరానికి సాక్ష్యంగా చదివి వినిపించడం సరైన దారి అని మేము అనుకోవడం లేదు. కళాత్మక వ్యక్తీకరణను సాక్ష్యంగా వాడడంపై కాలిఫోర్నియా 2022లో చట్టం ద్వారా పరిమితులు పెట్టింది. కథానాయకుడు తెర మీద నరికిన తలలకు మన దగ్గర చప్పట్లు కొడతారు గానీ ఎవరూ కేసు పెట్టరు. పేద కుర్రాడు ఊహించి రాసిన పంక్తిని నేరాంగీకారంగా చదవడంలో అతని కులం మీదో, రంగు మీదో, బస్తీ మీదో ముందే ఉన్న అభిప్రాయం కనిపిస్తుంది. చూసిందీ ఊహించిందీ రాసే చోటే ప్రమాదకరమైతే, ఏ సోషల్ వర్కరూ ఆ పిల్లవాడి చేత పెన్ను పట్టించలేడు.

రక్షణ విషయంలో ఈ ఉద్యమం తన లోపలి లోపాన్ని కూడా దాచుకోకూడదు. ముఠాలను కళవైపు మళ్లించిందని పేరుపొందిన జూలూ నేషన్ అనే హిప్ హాప్ సంస్థ వ్యవస్థాపకుడు తమ బాల్యంలో తమను లైంగికంగా దోపిడీ చేశారని 2016లో పలువురు పురుషులు ఆరోపించారు. ఆయన ఖండించారు గానీ ఆ సంస్థ నాయకత్వం నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇల్లూ బడీ ఆదుకోని పిల్లలు గురువునే సర్వస్వంగా భావించే చోట ఆ గురువును అడిగేవారు, పిల్లలు ఫిర్యాదు చేసుకోగల బయటి మనుషులు ఉండి తీరాలి. నిధులు ఇచ్చేవారు పెట్టవలసిన మొదటి షరతు ఇదే కావాలి.

హైదరాబాద్‌లో దక్కనీలోనూ తెలుగులోనూ ర్యాప్ కట్టే యువకులు ఇప్పటికే ఉన్నారు. రేపు ఏ ప్రభుత్వమో, ఏ కంపెనీ సామాజిక బాధ్యత నిధో వారిని పిలిచి బస్తీలలో మత్తుకూ కత్తిపోట్లకూ వ్యతిరేకంగా పాడించాలని తలపెట్టవచ్చు. అలా తలపెట్టేవారికి మా సూచన ఒకటే. ఒక్క రోజు ఉత్సవానికి, ముఖ్య అతిథి శాలువకు పోసే డబ్బుతో రెండు బస్తీల నడుమ ఒక గది అద్దెకు తీసుకుని, ఆ ప్రాంతం తెలిసిన ఇద్దరు యువకళాకారులకూ ఒక కౌన్సెలర్‌కూ కనీసం ఐదేళ్లపాటు నెలజీతం ఇవ్వండి. పాటలో ఏముండాలో చెప్పకండి. గొడవలు పెట్టుకునే పెద్దలతో మాట్లాడే పనిని పిల్లల మీద వేయకండి, అది పోలీసులూ ప్రజాప్రతినిధులూ చేయవలసినది. ఏడాది చివర నివేదికలో ఎన్ని కార్యక్రమాలు జరిగాయో, ఎంతమంది ఫొటోలలో ఉన్నారో రాయించుకునే బదులు, పక్క బస్తీ నుంచి ఎంతమంది పిల్లలు వచ్చారో, వారిలో మరుసటి ఏడు కూడా వస్తున్నవారు ఎందరో, మానేసినవారు ఎందుకు మానేశారో రాయించుకోండి.