ఫోన్ చేసే ముందు అక్కడ టైమెంతో చూడండి

ఒడిశాలోని బరంపురంలో ఉన్న మా అన్నయ్యకు బైపోలార్ అనే మానసిక జబ్బు. ఈ సంగతి పత్రికలో రాయడానికి అన్నయ్యా వదినా ఇద్దరూ ఒప్పుకున్నారు. కొన్ని వారాలు రెండు గంటలు పడుకుని లేచినా అలుపుండదు, ఉన్నదంతా అమ్మి కొత్త వ్యాపారం పెడదామంటాడు. ఇంకొన్నాళ్లు మంచం దిగడు, స్నానానికి కూడా లేవడు. ఈ రెంటి మధ్యా నెలల తరబడి బాగుంటాడు. పట్టుచీరల కొట్లో కూర్చుని ఒడియావాళ్లతో ఒడియాలో, మనవాళ్లతో తెలుగులో బేరమాడుతుంటాడు. ఆ మంచి కాలాన్ని సాగదీసుకోవడమే మా ఇంటిల్లిపాదికీ పని.

అమెరికాలో ఇంత దూరాన ఉండి మనమేం చేయగలం, డబ్బు పంపడం తప్ప అంటారు చాలామంది. నేనొప్పుకోను. ఈ జబ్బున్నవాళ్లకు వరసగా కొన్ని రాత్రులు నిద్ర తప్పితే చాలు, డాక్టర్లు మేనియా అనే ఆ అలుపులేని హుషారు దశ మొదలైపోవచ్చు. ఆ నిద్రకు అడ్డుపడేది ఎక్కువగా మనమే. న్యూజెర్సీలో భోజనం వేళ ఒంటిగంటన్నరకు వీడియో కాల్ చేస్తే, వేసవిలో అక్కడ రాత్రి పదకొండు. పిల్లలూ పెద్దలూ ఒక్కొక్కరే వచ్చి పలకరించేసరికి పన్నెండు దాటుతుంది. అదే మన ఉదయం తొమ్మిదికి చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర. మా ఇంట్లో ఇప్పుడిదే పద్ధతి.

పెళ్లిళ్ల సంగతీ అంతే. అర్ధరాత్రి ముహూర్తానికి రాలేదని అన్నయ్య మీద అలిగిన చుట్టాలున్నారు. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరిగినప్పుడు అమ్మవారు పుట్టింటికొచ్చిందని దేశీబెహరా వీధి వెలిగిపోతుంది, ఊరు రాత్రుళ్లు నిద్రపోదు. అన్నయ్య మాత్రం పెందలాడే దర్శనం చేసుకుని ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకుంటాడు. అతనికి భక్తి లేదనేవాళ్లతో నేను గొడవకైనా సిద్ధం.

ఇండియా ప్రయాణానికి సూట్‌కేసు సర్దుకునేవాళ్లకు ఇంకొక్క మాట. ఈ జబ్బుకు అన్నయ్య వాడే మందు లిథియం. నడుం నొప్పి అన్నారని మనం చేతిలో పెట్టే ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలతో రక్తంలో లిథియం పెరిగి విషంగా మారొచ్చు. ఎండల్లో చెమటలు పోసి, నీళ్లు చాలకపోయినా అదే ప్రమాదం. అందుకే అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తారు. డాక్టరును అడగకుండా ఏ నొప్పి మాత్రా ఇవ్వకండి.

ఇక నిర్ణయాల విషయం. తనకు ఏ వైద్యం కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. అన్నయ్య బాగున్న రోజుల్లో వదిన పేరు రాశాడు. కాబట్టి డాక్టరుతో మాట్లాడేది వదినే. అమెరికాలో ఉన్నామని మనం ఆమెను దాటి ఆసుపత్రికి ఫోన్లు చేయకూడదు. ఆమెకు అండ కావాలంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ.

ఇక్కడి మన తెలుగు సంఘం ఆన్‌లైన్ ఆరోగ్య సదస్సులు పెడుతూనే ఉంటుంది కదా. ఒకదాన్ని వదినలాంటివాళ్ల కోసం, జబ్బు మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్ల కోసం పెట్టండి. శనివారం మన పొద్దున్నే పెడితే అక్కడ దీపాలు పెట్టే వేళవుతుంది, వాళ్లు కూర్చుని వినగలుగుతారు.