సీసా పుచ్చుకున్నవాళ్ళు నోరు విప్పేదెప్పుడు?

కార్తీక వనభోజనాల సంగతి మళ్ళీ ఎత్తుతున్నానని మన తెలుగు సంఘం కార్యదర్శి గారు నొచ్చుకుంటారని తెలుసు. "అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకమ్మా" అని ఫోన్లో అననే అన్నారు. కానీ ఈ పెళ్ళి అయిపోలేదు. మన సభ్యులు ఇంట్లో చేసినవి ఊరికే ఇచ్చి అభిప్రాయం రాయించుకునే పథకం కింద, సంక్రాంతి ముందు సున్నుండల డబ్బాలు, అరిసెల పొట్లాలు రుచి చూసేవాళ్ళకి మళ్ళీ పంచబోతున్నారు. అందుకే రాస్తున్నాను.

వనభోజనాలకి బెంగళూరు కనకపుర రోడ్డు తోటకి వచ్చినవాళ్ళందరూ కళ్ళారా చూశారు. రానివాళ్ళకి గ్రూపులో తెలిసింది, కాస్త మసాలా దట్టించి. తోటలో ఉసిరి చెట్టు లేదు, కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చి పూజ కానిచ్చాం. రెండో బంతిలో పప్పు, ఆవకాయ వడ్డించారు. మన సంఘంలో అందరూ గౌరవించే ఒక పెద్దాయన ఎదుటి వరసలో కూర్చున్న, పచ్చళ్ళు పెట్టి అమ్మే మన మారతహళ్ళి చెల్లెల్ని చూసి, "ఏమ్మా, నువ్విచ్చిన ఆవకాయ నోట పెట్టలేకపోయామమ్మా. ఆవ చేదెక్కింది" అన్నారు. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు కదా. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "జూన్‌లో ఇచ్చాను కదండీ బాబాయి గారూ. అప్పుడే ఒక్క మాట చెప్పుంటే..." అంది, అంతే. సగం అన్నం ఉండగానే ఆకు మడిచి లేచింది. అమ్మకానికి తెచ్చుకున్న చింతకాయ, ఉసిరి సీసాలు అట్టపెట్టె విప్పకుండానే మళ్ళీ కారెక్కాయి.

ఆ రాత్రి నుంచి గ్రూపు రెండు పక్షాలైంది. "నిజం చెప్తే తప్పా?" అని ఒకరు, "నలుగురిలో అనే మాటా అది?" అని ఇంకొకరు. ఆవకాయ చేదుగా ఉన్నమాట వాస్తవం. ఆమె దగ్గర మా పక్క ఫ్లాట్ వాళ్ళు కొన్న సీసా లోంచి నేనూ తిన్నాను. మిక్సీ జారు వేడెక్కేదాకా ఆవాలు తిప్పితే పిండి చేదెక్కుతుందని మన ఇళ్ళలో ఎవరినడిగినా చెప్తారు. కాబట్టి పెద్దాయన నాలిక సరిగ్గానే చెప్పింది. జూన్‌లో పుచ్చుకున్న సీసా గురించి నవంబరులో చెప్పడం, ఆమెకి చెప్పాల్సింది బంతికి చెప్పడం, అక్కడే వచ్చింది చిక్కంతా. పోనీ ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఆయనకి ఎవరైనా చెప్పారా? జవాబు ఎన్నాళ్ళకి వస్తుందో, రాకపోతే ఎవరిని అడగాలో ఆమెకైనా చెప్పారా? "మన సభ్యులు ఇంట్లో తయారుచేసే వస్తువులు వాడి చూసి అభిప్రాయం రాయడానికి వాలంటీర్లు కావలెను" అని గ్రూపులో ఒక మెసేజి పెట్టారు, దాని కింద వరసగా దండాల బొమ్మలు పడ్డాయి, పథకం మొదలైపోయింది.

ఊరి అలవాట్లన్నీ నెత్తిన పెట్టుకుని ఊరేగే మనిషిని కాను నేను. అయినా ఈ విషయంలో మా అమ్మ వాళ్ళకి ఉన్న పద్ధతి మనకి లేదని ఒప్పుకోక తప్పదు. గుడివాడ దగ్గర మా పల్లెలో ఆవకాయ కలిపి, జాడీకి వాసెన కట్టి, మూడో రోజున తిరగకలిపేది అమ్మ. అప్పటికి ముక్క ఊరి ఊట పైకి వచ్చి ఉండేది. కలపబోయే ముందు పెరటి గోడ మీంచి కేక వేసేది, "పిన్నీ, ఒక్కసారి వచ్చి ఉప్పు చూసి పెట్టు" అని. ఎదురింటి పిన్ని, పక్కింటి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. పెద్ద పళ్ళెంలో వేడన్నం, అందులో కొత్తావకాయ, తలా ఒక ముద్ద. "ఉప్పు తగ్గిందే, ఇంకో గిద్దెడు వెయ్యి." "నూనె చాలదు, ముక్క మునగాలి." అమ్మ అప్పటికప్పుడే వేసేది. ఎవరూ ఎవరి మీదా అలిగింది లేదు. మూడో రోజున చెప్పిన మాటకి దిద్దుబాటు ఉంది, జాడీ ఇంకా చేతిలోనే ఉంది గనక. అదే పిన్ని శ్రావణంలో పేరంటానికొచ్చి "ఈ ఏడు నీ ఆవకాయలో ఉప్పు తగ్గిందే" అనుంటే, మా అమ్మ పైకి నవ్వుతూ మనసులో ఏమనుకునేదో ఈ పత్రికలో రాయలేను.

మారతహళ్ళి చెల్లెలికి ఆ మూడో రోజు దక్కలేదు. తొలి విడతలో కలిపిన సీసా పెద్దాయనకి ఇచ్చి, జవాబు కోసం చూసి, చూసి, నచ్చిందేమోలే అనుకుని అదే ఆవపిండితో మిగతా విడతలన్నీ కలిపింది. సీజను సరుకంతా చేదుతోనే అమ్ముడైపోయింది.

తమాషా ఏమిటంటే, మన సంఘంలో సగం మందిమి పొద్దస్తమానం చేసే ఉద్యోగమే ఇది. ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో కూర్చుని, అమెరికాలో ఎవరికో ఒక బటన్ పని చెయ్యకపోతే, "అందింది, చూస్తున్నాం, రేపు సాయంత్రానికి చెప్తాం" అని నిమిషాల మీద జవాబిస్తాం. ఆలస్యమైతే ఆలస్యమవుతోందని ముందే ఇంకో మెయిలు కొడతాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. "బాగాలేదు" అని బగ్, అంటే లోపం, రాస్తే మా డెవలపరు దాన్ని తిప్పి నా మొహానే కొడతాడు. ఏ వర్షన్, ఏం నొక్కావు, ఏమైంది, ఏం కావాల్సింది, అన్నీ రాయాలి. అలాంటి మనం మన వీధిలో మనిషి ఇచ్చిన పచ్చడికి "సూపర్ అక్కా" అని ఒక బొటనవేలు పెట్టి ఊరుకుంటాం, లేకపోతే ఆర్నెల్లు మౌనవ్రతం పడతాం. జీతమిచ్చేవాడికి చూపే మర్యాదలో పిసరంతైనా పొరుగింటికి దక్కదు.

అలాగని తప్పంతా రుచి చూసేవాళ్ళ మీదకే తోసెయ్యడం అన్యాయం. నా కంది పొడి కథ వినండి.

మా కాంప్లెక్స్ బి బ్లాకులో ఒక కుర్రాడు ఉద్యోగం మానేసి పొడుల వ్యాపారం పెట్టాడు. మొదటి విడతలో నా వంతుకి కంది పొడి వచ్చింది. ఆదివారం వేడన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాం. పప్పు దోరగా వేగింది, కారం సరిపోయింది. జీలకర్ర మాత్రం మాడింది, మింగాక నాలిక చివర చేదు నిలబడుతోంది. ఒక్క పూట తిని తీర్పు చెప్పడమెందుకు, ఇడ్లీలో కూడా చూద్దామని ఆగాను. ఆగనిస్తేగా! సోమవారం తెల్లారేసరికి "శుభోదయం అక్కా, ఎలా ఉంది?" మంగళవారం గులాబీ పువ్వు, కింద "అక్కా?" బుధవారం లిఫ్టులో వాళ్ళమ్మ గారు కలిశారు. "మా వాడి పొడి నీ దగ్గరికే వచ్చిందటగా అమ్మాయ్. బంగారం లాంటి ఉద్యోగం వదులుకున్నాడు" అంటూ కింది నుంచి మా అంతస్తు దాకా కొడుకు జీవిత చరిత్ర చెప్పారు. ఇవన్నీ ఒక ఎత్తు. ఆ సాయంత్రం మా అత్తగారికి ఏలూరు నుంచి ఫోను. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఆ కుర్రాడికి మేనత్త వరస అట. "మీ కోడలికి చెప్పి కాస్త మంచిగా రాయించండి వదినా" అని. బి బ్లాకు పొడి డబ్బా ఏలూరు దాకా ఎలా వెళ్ళిందో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను రాయాల్సింది రాశాను. పప్పు వేపు బాగుంది, జీలకర్ర మాడింది, దాన్ని విడిగా సన్న సెగ మీద వేయించి చూడమన్నాను. కుర్రాడు బుద్ధిమంతుడు. "సరే అక్కా" అని తర్వాతి విడతలో సరిచేశాడు, ఇప్పుడు మా ఇంట్లో ఆ పొడే కొంటాం. వాళ్ళమ్మ గారితోనే వచ్చింది తంటా. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచారు, బొట్టు పెట్టారు, అంతా బాగానే ఉంది గానీ, అందరికీ దోసెడు శనగలు పోసి నాకు గుప్పెడు పోశారు. లెక్కపెట్టుకుని కూర్చున్నాననుకోకండి, కనబడిందంతే. ఆవిణ్ణీ ఏమనను. రుచి చూస్తున్న మనిషికి ఫోన్ చెయ్యకూడదని, చుట్టరికాలు కలిపి ఒత్తిడి పెట్టకూడదని ఆవిడకి చెప్పిన నాథుడు లేడు.

మూడో రకం కూడా ఉంది. పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పే యాప్ ఒకటి తయారుచేసిన కుర్రాడు మన బెల్లందూరు సభ్యుడే. మంచి ప్రయత్నం. ఇక్కడి బడుల్లో కన్నడం, హిందీ, ఇంగ్లీషు అయ్యాక మన పిల్లలకి తెలుగు దిద్దించడానికి ఏదో ఒకటి కావాలి కదా. చూసినవాళ్ళు శ్రద్ధగా రాశారు, బండి ఱ లేదని, వత్తుల దగ్గర గొంతు వినపడటం లేదని. అతని నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి చూడమంటే ఎవరూ ముందుకు రాలేదు. అందిందన్న ఒక్క ముక్క, ఏది దిద్దుతాడో ఏది దిద్దలేడో ఇంకో ముక్క, ఆ మాత్రం రాసుంటే సరిపోయేది.

ఇదంతా మనకొక్కరికే వచ్చిన తలనొప్పి కాదు. ఉచితంగా వస్తువిచ్చి అభిప్రాయం రాయించుకునే పద్ధతిని అమెజాన్ 2007లో వైన్ పేరుతో మొదలుపెట్టింది. అమ్మేవాళ్ళు ఎవరికి వారు సరుకు ఊరికే ఇచ్చి పొగడ్తలు రాయించుకోవడం ముదిరేసరికి, 2016 అక్టోబరులో పుస్తకాలకి మినహా, వైన్ తప్ప మిగతా దారులు మూసేసింది. వైన్‌లో వచ్చిన అభిప్రాయాన్ని అమ్మేవాడు మార్చలేడు, దిద్దలేడు. మన దేశంలో ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022 నవంబరులో ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బిచ్చి కొన్నవి, అందుకోసమే పెట్టుకున్నవాళ్ళతో రాయించినవి ప్రచురించకూడదని, రాసిన మనిషి నిజంగా ఉన్నాడో లేడో సరిచూసుకోవాలని అందులో ఉంది. తెచ్చినప్పుడు పాటించడం ఐచ్ఛికమే. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సోషల్ మీడియాలో సరుకుల్ని మెచ్చుకునేవాళ్ళకి సూచనలిచ్చింది. ఉచితంగా అందినదైతే ఆ మాట చదివేవాళ్ళకి తెలిసేలా చెప్పాలని. మన సంఘం వ్యవహారం ఆ స్థాయిది కాదు, నిజమే. కానీ మన అభిప్రాయాలు చూసే కదా కొత్తగా వచ్చిన సభ్యులు సీసాలు కొంటున్నారు. "ఇది నాకు ఊరికే ఇచ్చారు" అని మొదటి వాక్యంలో రాస్తే పోయేదేముంది?

పాత సభ్యులొకరు నాతో అన్నారు, "పైసా ఆశించకుండా చేసేవాళ్ళకి షరతులేంటమ్మా? రేపు ఎవరొస్తారు?" అని. కొట్టిపారెయ్యదగిన మాట కాదు. వాలంటీర్లు దొరకడం ఎంత కష్టమో వనభోజనాల్లో వడ్డన చేసినవాళ్ళని అడిగితే చెప్తారు. కాగితం మీద నియమాలు పెట్టగానే ఆప్యాయత కాస్త ఆఫీసు పనిలా మారుతుందన్న భయం నాకూ ఉంది. కానీ షరతు లేనందువల్ల ఎవరికి హాయిగా ఉంది చెప్పండి? పెద్దాయన ఆ రోజు నుంచి సమావేశాలకి రావట్లేదు. చెల్లెలు గ్రూపులోంచి వెళ్ళిపోయింది. నేను లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నాను. (డాక్టరు సంతోషించాడు, అది వేరే సంగతి.)

నేను అడిగేది అరపేజీ. సీసా అందిన రోజే "అందింది" అని చెప్పాలి. పచ్చళ్ళూ పొడులూ అయితే వారంలో రుచి చూసి పది రోజుల్లో రాయాలి, చీరలూ యాప్‌లూ అయితే నెల. కుదరకపోతే "నా వల్ల కావట్లేదు" అని చెప్పేసి సీసా ఇంకొకరికి దాటించాలి. దీనికి ఎవరూ మొహం చిన్నబుచ్చుకోనక్కర్లేదు, అమెరికా నుంచి మనవడొచ్చాడంటే ఎవరికైనా తీరిక ఉండదు. లోపం ఉంటే ముందు తయారుచేసినవాళ్ళకే, అదీ కమిటీలో ఒక మనిషి ద్వారా వెళ్ళాలి. వాళ్ళకి జవాబు చెప్పుకునే వ్యవధి ఇచ్చి ఆ తర్వాతే అందరికీ. తయారుచేసినవాళ్ళు గానీ, వాళ్ళ అమ్మలు, అత్తలు, ఏలూరు మేనత్తలు గానీ రుచి చూసేవాళ్ళకి ఫోన్ చెయ్యకూడదు. అడగాల్సింది ఆ కమిటీ మనిషినే. ఒక్క విషయంలో మాత్రం ఈ వరసలేవీ వద్దు. బూజో, గాజు పెంకో, పాడైన వాసనో కనబడితే ఆ గంటలోనే అందరికీ తెలియాలి. ఇక సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉందా లేదా చూడ్డం రుచి చూసేవాళ్ళ నెత్తిన పెట్టకండి. అది పంచకముందే కమిటీ చూసుకోవాల్సిన పని.

ఆ కమిటీ మనిషిగా ఎవరుంటారంటే నేనుంటాను, ఏడాది పాటు. ఇంకెవరైనా ముందుకొస్తే సంతోషంగా తప్పుకుంటాను. కార్యదర్శి గారూ, సున్నుండల డబ్బాలు పంచేముందు ఆ అరపేజీ అందరి ముందూ చదివించండి. నచ్చనివాళ్ళు డబ్బా తీసుకోకుండా వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మారతహళ్ళికి మాత్రం మీరే స్వయంగా వెళ్ళండి. ఫోన్ చెయ్యకండి, వెళ్ళండి. వచ్చే వేసవిలో ఆమె ఆవకాయ తొలి విడత కలిపాక మూడో రోజుకి రుచి చూసి చెప్పడానికి ఇద్దర్ని సిద్ధం చేస్తామని చెప్పండి. ఆ ఇద్దరిలో పెద్దాయన ఒకరైతే ఇంకా మంచిది.