గోడ మీద ఉన్నంతకాలమే అది కళ

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో, గోడలకు అతికించే మెరుపు పూత పలకల (అక్కడ అజులేజో అంటారు) కోసం ఉన్న జాతీయ అజులేజో మ్యూజియం గురించి మాట్లాడేవారందరూ 1755 నాటి భూకంపానికి ముందున్న నగరాన్ని నదీతీరం పొడవునా చూపే, దాదాపు 23 మీటర్ల నీలిరంగు టైల్ చిత్రాన్ని మెచ్చుకుంటారు. అది అపురూపమైనదే. అయినా ఆ మ్యూజియానికి ప్రాణం అక్కడ లేదు, దాని చర్చి గోడల్లో ఉంది.

మ్యూజియం నడుస్తున్నది 1509లో రాణి లియోనోర్ నెలకొల్పిన మద్రె ద దేవుష్ మఠంలోనే. ఆ చర్చిలో పైన బంగారు పూత పూసిన కొయ్య చెక్కడాలు, వర్ణచిత్రాలు ఉంటే, కింద హాలండ్ నుంచి తెప్పించిన నీలి, తెలుపు పలకలు గోడను కప్పి ఉంటాయి. సుమారు 14 సెంటీమీటర్ల పలకను ఒక్కదాన్నే చేతిలోకి తీసుకుంటే కనిపించేది ఒక ఆకు కొసో, గుర్రం కాలో మాత్రమే. వందల పలకలు కలిసి, పై బంగారాన్నీ కిటికీ వెలుతురునూ తమ నునుపు మీద పట్టుకుని నిలిచినప్పుడే అది కళ అవుతుంది. మ్యూజియంలోని అద్దాల పెట్టె ఈ సంబంధాన్ని చూపలేదు.

మ్యూజియం చేర్చుకోకపోతే ఎన్నో పలకలు శిథిలాలతో పాటే పోయేవన్న వాదన నిజమే. కానీ అది కూలిన భవనాలకు వర్తించే న్యాయం. నిలిచి ఉన్న భవనాలకు దాన్ని అన్వయించడం పొరపాటు.

అందుకే, పలకల దొంగతనాలను అరికట్టడానికి పోర్చుగల్ నేర పరిశోధన పోలీసు విభాగపు మ్యూజియం 2007లో చేపట్టిన కార్యక్రమాన్నీ, పలకలున్న భవనాల ముఖభాగాలను కూల్చడాన్నీ, వాటి నుంచి పలకలను ఊడదీయడాన్నీ దేశమంతటా నిషేధించిన 2017 నాటి చట్టాన్నీ ఏ కొత్త ప్రదర్శనశాల కంటే మిన్నగా ఎంచుతాను. ఇంటి లోపలి భాగం యజమానిది కావచ్చు, కానీ వీధివైపు గోడ మీద ఆ వీధిన నడిచే ప్రతివారికీ హక్కు ఉంది. వారసత్వ రక్షణ అంటే వస్తువులను సేకరించడమేనని నమ్మే ప్రభుత్వాలన్నీ ఈ సూత్రాన్ని ఒప్పుకోక తప్పదు.

అయితే ఆ చట్టంలోనూ ఒక సందు ఉంది. చెప్పుకోదగిన వారసత్వ విలువ లేదని నగరపాలక సంస్థ భావిస్తే మినహాయింపు ఇవ్వవచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీలు ఒకే నమూనాలో వేలకొద్దీ చేసిన పలకలకే ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే వాటికి చిత్రకారుడి సంతకం ఉండదు. ఉన్నదల్లా వీధికి అవి తెచ్చిన రూపమే. అలాంటి ప్రతి దరఖాస్తు మీదా మ్యూజియం నిపుణుల అభిప్రాయం తీసుకోవడాన్ని తప్పనిసరి చేయాలి.