ఒరిజినల్ ఏదండీ?

మొన్న గుంటూరులో ఒక ఆఫీసుకి వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, మళ్లీ వెళ్లాల్సిన పనుంది. వాళ్లిచ్చిన ధ్రువపత్రంలో మా ఇంటిపేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. దిద్దించుకుందామని బ్రాడీపేటలో జిరాక్సులు తీయించి కిటికీలో పెట్టాను. గుమాస్తాగారు వాటి వంక చూడకుండానే అడిగారు: "ఒరిజినల్ ఏదండీ?"

న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేని శాఖ ఒకటి నా ఒంట్లోనే నడుస్తోందని ఆ సాయంత్రం మా అమ్మాయి బైపీసీ పుస్తకం తిరగేస్తే తెలిసింది.

కణం రెండుగా చీలే ముందు తన డీఎన్‌ఏకి నకలు తీస్తుంది. అంతవరకు సంతోషం. తీసే పద్ధతే ఘోరం. హెలికేజ్ అనే ఎంజైము వచ్చి, రెండు పేటల తాడు పురి విప్పినట్టు పోగుల్ని విడదీస్తుంది. అంటే ఒరిజినల్‌ని చింపేయడమే! ఒక్కో పాత పోగుకీ ఒక కొత్త పోగు జతవుతుంది. డీఎన్‌ఏ రాతలో ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి. చివరికి తేలేవి రెండు ప్రతులు, రెండింట్లోనూ సగం పాతది, సగం కొత్తది. ఇప్పుడు స్టాంపు దేని మీద కొట్టాలి?

1958లో మెసెల్సన్, స్టాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ బండారం బయటపెట్టారు. బాక్టీరియాని బరువైన నైట్రోజన్‌తో పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్‌కి మార్చారు. ఒక తరం గడిచాక సెంట్రిఫ్యూజ్‌లో, అంటే బరువుని బట్టి వేరుచేసే యంత్రంలో, గిరగిరా తిప్పి చూస్తే డీఎన్‌ఏ బరువుదీ కాదు, తేలికదీ కాదు, మధ్యరకం. మా కిటికీ దగ్గరైతే ఆ ఫైలు అక్కడే ఆగిపోయేది.

ఇక పనితీరు. మనిషి కణంలో దాదాపు 640 కోట్ల అక్షర జంటలు. కొత్త పోగు రాసే ఎంజైము పాలిమరేజ్, సెకనుకి సుమారు 50 అక్షరాలు రాస్తుంది. ఒక్కటే కూర్చుని రాస్తే నాలుగేళ్లు పడుతుంది. సబబైన గడువే, మన ఫైళ్లకీ అంతే. కానీ పాలిమరేజ్‌లు వేల చోట్ల ఒకేసారి మొదలుపెట్టి, ఎనిమిది గంటల్లో ముగించేస్తాయి. టీ లేదు, "సారు సీట్లో లేరు" లేదు.

పైగా తప్పు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు. తప్పు అక్షరం పడితే పాలిమరేజే వెనక్కి జరిగి, దాన్ని పీకేసి మళ్లీ రాస్తుంది. అర్జీ అడగదు, నోటరీ దగ్గరికి పొమ్మనదు. దాని కన్నుగప్పినవాటిని దిద్దడానికి వెనకాల ఇంకో బృందం. అంతా అయ్యాక వంద కోట్ల అక్షరాలకి ఒకటో అరో తప్పు మిగులుతుంది. మా ఇంటిపేరు మూడక్షరాలు.

ఒక్క చోట మాత్రం మన పద్ధతి కనిపించి ప్రాణం లేచొచ్చింది. పాలిమరేజ్ ఒకే దిక్కుకి రాయగలదు. పోగులు రెండూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి. అందుకని ఎదురు పోగుని ముక్కలు ముక్కలుగా రాస్తే, లైగేజ్ అనే ఇంకో ఎంజైము వచ్చి అతికిస్తుంది. 1960ల్లో జపాన్‌లో ఒకజాకి దంపతులు కనిపెట్టారు కాబట్టి వాటిని ఒకజాకి ముక్కలంటారు. మా వీధి రోడ్డు కూడా ఇలాగే వేశారు. లైగేజ్ ఇంకా మంజూరు కాలేదు.

కణానికి నా సూచన ఒక్కటే: ఒరిజినల్‌ని ముందు లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకోవాలి. గజిటెడ్ సంతకం లేనిదే పోగు విప్పకూడదు.

నన్ను సోమవారం ఒరిజినల్‌తో రమ్మన్నారు. పేగు లోపొర నాలుగైదు రోజులకోసారి కొత్తదైపోతుందట. ఇవాళ బుధవారం.